మూడు పైసలు, మూడు రూపాయలు: పదో తరగతి హిందీ గైడు ఒకదానిపై సమీక్ష

పోయిన విద్యాసంవత్సరం బడులు తెరిచిన వారంలోనే హైదరాబాద్ కోఠిలోని పుస్తకాల దుకాణాల వరుసలో పదో తరగతి ద్వితీయ భాష హిందీ గైడు ఒకటి కొన్నాను. అట్ట మీద వెల 240 రూపాయలని ఉంది, దుకాణదారు 30 రూపాయలు తగ్గించి ఇచ్చాడు. సిద్దిపేట జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో హిందీ చెప్పే నాకు గైడుతో సొంత అవసరం లేదు గానీ, నా తరగతిలో మూడొంతుల మంది పిల్లల సంచుల్లో ఉన్నది ఇదే పుస్తకం కాబట్టి, వాళ్లు ఇంటి దగ్గర ఏం చదువుతున్నారో మొదటి పుట నుంచి చివరి పుట దాకా చూడాలనిపించింది. ప్రచురణ సంస్థ పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పబోయే లోపాలలో సగానికి పైగా నేను తిరగేసిన మిగతా గైడ్లలోనూ కొద్ది తేడాతో కనిపించాయి. ఒక్కరి పేరు పెడితే మిగిలినవారు తప్పించుకున్నట్టవుతుంది.

ముందు బాగున్న సంగతులు చెప్పాలి. అక్షరాలు పెద్దవి, కాగితం వెనక వైపు అచ్చు ఇవతలికి కనిపించదు, కుట్టు గట్టిది. ఏడాది పొడవునా పిల్లలు విరిచి చదివినా పుటలు ఊడిపోలేదు. ప్రతి పాఠానికీ కష్టమైన మాటల పట్టిక, ప్రతి మాటకూ తెలుగు అర్థం, స్త్రీలింగ పుంలింగాలు, ఏకవచన బహువచనాలు వరుసగా ఉన్నాయి. తెలుగు మాట్లాడే పిల్లలకు హిందీలో అన్నిటికంటే తలనొప్పి లింగభేదమే. ఏ మాట స్త్రీలింగం, ఏ మాట పుంలింగం అన్నది చాలా మాటల విషయంలో కంఠతా పట్టవలసిందే. ఆ పనికి ఈ పట్టికలు చక్కగా ఉపయోగపడతాయి. వ్యాకరణ భాగం కూడా నమ్మదగ్గదే. వ్యాసాలూ లేఖలూ మామూలు సరుకు, వాటి గురించి చెప్పవలసింది పెద్దగా లేదు.

నా అసంతృప్తి అంతా కథల దగ్గరే. గైడు కథను ఎలా చెబుతుందో తేల్చుకోవడానికి ప్రేమ్‌చంద్ రాసిన ‘ఈద్‌గాహ్’ పాఠాన్ని మించిన గీటురాయి లేదు. నాయనమ్మ అమీనా పెంచుతున్న పేద పిల్లవాడు హామిద్, ఈద్ తిరునాళ్లలో బొమ్మలూ మిఠాయిలూ కొనకుండా, రొట్టెలు కాల్చేటప్పుడు ఆమె వేళ్లు కాలకూడదని ఇనుప చిమ్టా కొని తెచ్చే కథ ఇది. 1933లో వచ్చిన ఈ కథను ఉత్తరాదిలోనే గాక మన దగ్గరా తరాల తరబడి పిల్లలు చదువుతూ వచ్చారు. పాఠ్యపుస్తకంలో ఉన్నది కుదించిన రూపం కనుక, నేను ప్రతి ఏటా రెండు పీరియడ్లు కేటాయించి మూలకథను పూర్తిగా చదివి వినిపిస్తాను. మూలం విన్న పిల్లలు గైడు తెరిచినప్పుడే ఈ పుస్తకంలోని చిక్కు బయటపడింది.

గైడులోని తెలుగు సారాంశం నాలుగో వాక్యం ఇలా మొదలవుతుంది: హామిద్ దగ్గర మూడు రూపాయలు ఉన్నాయి. మూలంలో ఉన్నది మూడు పైసలు. ఇప్పటి పిల్లలకు పైసలు తెలియవు కదా, రూపాయలంటే సులువుగా అర్థమవుతుంది కదా అని సారాంశం రాసినవారు అనుకొని ఉండవచ్చు. కానీ ఈ కథలో డబ్బు లెక్కే పాత్రచిత్రణ. అది తప్పితే హామిద్ ఎవరో తెలియదు, అమీనా ఎవరో అసలే తెలియదు.

ఆ లెక్క ఒకసారి చూడండి. అమీనా పొరుగావిడ ఫహీమన్‌కు బట్టలు కుట్టి ఎనిమిది అణాలు సంపాదించింది. ఆ అర్ధరూపాయిని ఈద్ కోసం తన ఈమాన్‌ను, అంటే మతవిశ్వాసాన్ని, కాపాడుకున్నంత జాగ్రత్తగా దాచుకుంటూ వచ్చింది. పండుగ ముందురోజు పాలావిడ వచ్చి నెత్తిన కూర్చునేసరికి బాకీ తీర్చక తప్పలేదు. మనవడికి ఇంకేమీ పెట్టలేకపోయినా రోజూ రెండు పైసల పాలైనా పోయాలి కదా. ఇక మిగిలింది రెండణాలు. అణాకు నాలుగు పైసలు కాబట్టి రెండణాలంటే ఎనిమిది పైసలు. ప్రేమ్‌చంద్ మూడు పైసలు హామిద్ జేబులో, ఐదు పైసలు అమీనా చేతిసంచిలో ఉన్నాయని రాశాడు. మూడూ ఐదూ ఎనిమిది. అంటే ఆ ముసలావిడ తన దగ్గరున్న మొత్తంలో మూడో వంతుకు పైగా నాలుగైదేళ్ల పిల్లవాడి చేతిలో పెట్టి తిరునాళ్లకు పంపింది. మిగిలిన ఐదు పైసలతో పండుగ గడవాలి, చాకలామె, మంగలామె, ఊడ్చే మనిషి, గాజులమ్మే ఆమె ఇంటి ముందుకు వస్తే సేమియా పెట్టాలి. ఏ విశేషణమూ వాడకుండా రచయిత అమీనా మనసును ఎనిమిది పైసల్లో చూపించాడు. గైడు మాత్రం మూడు రూపాయలని రాసి, అమీనా చేతిసంచి సంగతే వదిలేసింది. దాంతో ఆవిడ సారాంశంలో కళ్లు తుడుచుకునే బామ్మగా మాత్రమే మిగిలింది.

ఇదే లెక్క మిగతా పిల్లల దగ్గరా పని చేస్తుంది. మహమూద్ దగ్గర పన్నెండు పైసలు, మొహ్‌సిన్ దగ్గర పదిహేను. బొమ్మ ఒక్కోటి రెండు పైసలు. హామిద్ ఒక బొమ్మ కొంటే ఒక్క పైస మిగులుతుంది, దానితో ఏ పాటి మిఠాయి వస్తుంది? ఈ కూడికలూ తీసివేతలూ నల్లబల్ల మీద వేసి చూపించిన రోజున, గణితమంటే పారిపోయే పిల్లలు కూడా హామిద్ పక్షాన లెక్క కట్టారు. గైడులో రూపాయలు చదివి వచ్చిన ఒక కుర్రాడు మాత్రం, మూడు రూపాయలకు చిమ్టా వస్తే చవకే కదా సార్ అన్నాడు. వాడిని తప్పు పట్టలేను.

తరువాత హామిద్ స్వభావం. ఈ ప్రశ్నకు గైడు ఇచ్చిన జవాబులో ఆరు విశేషణాలున్నాయి: త్యాగశీలి, నిస్వార్థపరుడు, వివేకవంతుడు, సహనశీలి, పెద్దలంటే గౌరవం గలవాడు, ఆడంబరాలకు దూరంగా ఉండేవాడు. ఈ ఆరింటికీ ఉదాహరణగా చూపింది ఒకే ఒక్క సంఘటన, చిమ్టా కొనడం. అన్నిటికీ మించి, హామిద్‌కు బొమ్మలంటే ఇష్టం లేదని గైడు స్పష్టంగా రాసింది. మూలకథలో అందుకు పూర్తిగా విరుద్ధంగా ఉంది. బొమ్మలు మట్టివి, కింద పడితే ముక్కలవుతాయి అని హామిద్ నిందిస్తాడు, నిజమే. నిందిస్తూనే ఆశపడే కళ్లతో వాటిని చూస్తాడు, ఒక్కసారి చేత్తో తాకాలని తహతహలాడతాడు. అతని చేతులు తనకు తెలియకుండానే ముందుకు చాచుకుంటాయి, కానీ స్నేహితులు అంత త్యాగులు కారు. ఆశ లేని పిల్లవాడు బొమ్మ కొనకపోతే అందులో చెప్పుకోవలసిందేముంది? ఆశ ఉండీ చేయి వెనక్కి తీసుకున్నాడు కాబట్టే హామిద్ మనకు గుర్తుండిపోయాడు. గైడు ఆ ఆశను తీసేసి త్యాగాన్ని మాత్రం ఉంచింది.

నిస్వార్థపరుడన్న మాట కూడా నిలవదు. చిమ్టా కొనే ముందు హామిద్ మనసులో ఏమనుకుంటాడో ప్రేమ్‌చంద్ దాచలేదు. నాయనమ్మ అని మనం పిలిచే ఆ దాదీని ఆ ఇంట్లో అమ్మా అని పిలవడం హామిద్‌కు అలవాటు. ఆవిడ పరిగెత్తుకొచ్చి చిమ్టా అందుకుంటుంది, వేల దువాలు (దీవెనలు) ఇస్తుంది, ఇరుగుపొరుగు ఆడవాళ్లకు చూపిస్తుంది, ఊరంతా హామిద్ చిమ్టా తెచ్చాడని చెప్పుకుంటుంది అని ఊహించుకుంటాడు. అంటే పిల్లవాడికి మెప్పు కావాలి. అంతకుముందు రేవడీ అనే నువ్వుల మిఠాయి చూపించి ఏడిపించిన మొహ్‌సిన్ మీద కోపమూ ఉంది, మిఠాయి తిన్నవాళ్ల నోళ్లు పాడై పుండ్లు పడతాయని లోలోపల శపిస్తాడు కూడా. మెప్పు కోరుకునే, ఉడుక్కునే, ప్రతీకారం ఊహించుకునే ఈ చిన్నవాడికి గైడు దేవుడి పటంలో లాగా తల చుట్టూ వెలుగు గీసింది. పిల్లలు అటువంటివాడిని గౌరవిస్తారేమో గానీ స్నేహం చేయరు.

బేరం దగ్గర మరో తప్పు దొర్లింది. హామిద్ చాకచక్యంగా బేరమాడి దుకాణదారును ఒప్పించాడని గైడు చెబుతుంది. కథలో జరిగింది వేరు. దుకాణదారు మొదట ఇది నీకు పనికొచ్చే వస్తువు కాదంటాడు, తరువాత ఆరు పైసలంటాడు, చివరికి కచ్చితంగా ఐదు పైసలు, తీసుకుంటే తీసుకో, లేకపోతే నడువు అంటాడు. హామిద్ గుండె చిక్కబట్టుకొని మూడు పైసలకు ఇస్తావా అని అడిగి, దుకాణదారు గదమాయింపు చెవిన పడకూడదని ముందుకు నడిచిపోతాడు. బేరంలో ఆరితేరినవాళ్లు వెనక్కి పిలుస్తారని తెలిసి నడుస్తారు. హామిద్ తిట్లకు భయపడి నడిచాడు. అడుగు ఒకటే, లోపలి మనసు వేరు. కథలో పాత్రను గుర్తుపట్టడమంటే ఈ తేడాను గుర్తుపట్టడమే, ఆ ఒక్క వాక్యాన్ని గైడు ఎత్తి రాసినా ఆరు విశేషణాల కంటే పిల్లలకు ఎక్కువ మేలు జరిగేది.

చిమ్టా అన్న మాటకు గైడు ఇచ్చిన తెలుగు అర్థం పట్టకారు. అర్థం తప్పని అనలేం. అయితే మన పిల్లలు పట్టకారు అనగానే పొయ్యి మీద నుంచి వేడి గిన్నె దించే పరికరాన్ని తలచుకుంటారు, పక్కన గైడు వేసిన బొమ్మ కూడా అదే, రెండు పొట్టి చేతులతో గిన్నె అంచు పట్టేది. దాన్ని హామిద్ భుజం మీద తుపాకీలా పెట్టుకొని ఎలా నడిచాడో, ఫకీరు చేతిలో తాళంలా ఎలా మోగుతుందని చెప్పాడో ఆ బొమ్మ చూసిన పిల్లవాడికి ఎలా తెలుస్తుంది? నేను మా ఊరి బజారులో పొడుగాటి ఇనుప చిమ్టా ఒకటి కొని తరగతికి తీసుకెళ్లాను. భుజం మీద పెట్టుకోవడానికి వెనక బెంచీల నుంచి ముందు బెంచీల దాకా అందరూ పోటీపడ్డారు.

అన్నం వండే ఇళ్లలో పెనం మీద వేళ్లు కాలడం పిల్లలకు అనుభవంలో ఉండదని మొదట నేను అనుకునేవాణ్ని. మా ప్రాంతంలో జొన్నరొట్టె ఉందన్న సంగతి నాకంటే ముందు పిల్లలకే తట్టింది. జొన్నరొట్టెను చేత్తో తట్టి, పెనం మీద వేసి, తడి చేత్తో నీళ్లు రాసి, వేళ్లతోనే తిప్పుతారు. ఒక అమ్మాయి లేచి, “మా నానమ్మ వేళ్లు కాలవు సార్, గట్టిగ అయిపోయినయ్” అంది. పక్కనున్నామె, “కాలుతయ్ గానీ చెప్పదు” అంది. తరగతి కాసేపు నిశ్శబ్దంగా ఉండిపోయింది. అమీనా గురించి గైడు రాసిన పేరా మొత్తంలో ఆ రెండో మాటకు సాటి వచ్చే వాక్యం ఒక్కటీ లేదు. ఏ ప్రాంతపు పిల్లల కోసం గైడు వేస్తున్నామో ఆ ప్రాంతపు వంటిల్లు తెలిసినవాళ్లు తెలుగు భాగం రాసి ఉంటే బాగుండేది.

ముగింపుకు వద్దాం. చిమ్టా చూసి అమీనా గుండెలు బాదుకుంటుంది, మధ్యాహ్నం దాటినా ఏమీ తినలేదు తాగలేదు, తెచ్చింది ఈ చిమ్టానా అని మండిపడుతుంది. హామిద్ ఊహించుకున్న దువాల స్థానంలో తిట్లు పడ్డాయి. అప్పుడు తప్పు చేసినవాడి గొంతుతో, నీ వేళ్లు పెనం మీద కాలుతున్నాయి కదా, అందుకే కొన్నాను అంటాడు. సారాంశంలో గైడు ఈ తిట్లను కత్తిరించి, చిమ్టా చూడగానే అమీనా ఆనందబాష్పాలు రాల్చిందని రాసింది. కోపం ప్రేమగా మారిన క్షణం కోసమే కదా రచయిత ఇంత దూరం నడిపించింది. ఆ పైన వచ్చే ప్రసిద్ధమైన మాట, చిన్న హామిద్ ముసలి హామిద్ వేషం కట్టాడు, ముసలి అమీనా చిన్నపిల్ల అమీనా అయిపోయింది అనే దాన్ని గైడు, అమీనా బాలికగా మారిపోయెను అని వదిలేసింది. వివరణ ఒక్క ముక్క కూడా లేదు. ఇది మంత్రం వేసిన కథా సార్ అని ఒకడు నన్ను అడిగాడు. కొంగు చాచి దువా చేస్తూ ఏడుస్తున్న మనిషికి అప్పుడు వయసు గుర్తుండదని, మనవడు తనకు పెద్దదిక్కయ్యాడని నేను చెప్పవలసి వచ్చింది.

కథ ఇతివృత్తం గురించి గైడు రెండు వాక్యాలు రాసింది. పెద్దలను గౌరవించాలన్నది ఒకటి, హిందూ ముస్లింల ఐక్యత రెండోది. రెండోది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అంతుబట్టలేదు. ఇందులో ముస్లిం ఊరు, ముస్లిం పిల్లలు, ఈద్ నమాజు ఉన్నాయి. లక్షల తలలు ఒకేసారి వంగే నమాజు వర్ణనలో రచయిత సోదరభావం గురించి చెప్పాడు, అది ధనిక పేద తేడాలు చెరిపేసే సోదరభావం. ఆ వెంటనే పిల్లలు బజారులోకి వస్తారు, అక్కడ పన్నెండు పైసలున్నవాడు వేరు, మూడు పైసలున్నవాడు వేరు. ఒక్క ఉదయంలోనే, ఒకే పేజీ తేడాతో ఈ రెండూ పక్కపక్కన నిలబడ్డాయి. ఇతివృత్తం అడిగితే చూపించవలసినది ఆ జంట దృశ్యాన్ని. కథ మొదట్లో అబ్బాజాన్‌లు (తండ్రులు) కంగారుగా చౌధరీ కాయమ్ అలీ ఇంటికి ఎందుకు పరిగెత్తుతున్నారో పిల్లలకు తెలియదని, చౌధరీ ముఖం తిప్పుకుంటే ఈ ఈద్ కాస్తా శోకదినమైన ముహర్రం అయిపోతుందని ప్రేమ్‌చంద్ రాశాడు. పిల్లల జేబుల్లో మాత్రం కుబేరుడి ధనం ఉంది. పండుగ వెనక అప్పు ఉన్న సంగతి దసరాకు బట్టలు కొనే మన ఇళ్లలో ఏ పిల్లవాడికి తెలియదు? దీని ప్రస్తావన గైడులో మచ్చుకైనా లేదు.

మహమూద్, మొహ్‌సిన్, నూరే, సమ్మీ నలుగురినీ ఆడంబరప్రియులు అని ఒక్క మాటలో గైడు తేల్చేసింది. సిపాయిని కొన్నవాడు, నీళ్లు మోసే భిష్తీని కొన్నవాడు, వకీలును కొన్నవాడు, చాకలామె బొమ్మ కొన్నవాడు ఒకే రకం పిల్లలా?

ఇదంతా ఒక ఉపాధ్యాయుడి చాదస్తం, పిల్లలకు కావలసింది మార్కులే అనేవారికి ఒక సంగతి చెబుతాను. స్పాట్ వాల్యుయేషన్‌లో హామిద్ స్వభావం మీద జవాబులు దిద్దినప్పుడు ఒకే విశేషణాల వరుస, అదే క్రమంలో, ఒక మాటలో ఒకే అక్షరదోషంతో కట్టల తరబడి కనిపించింది. ఇంటికొచ్చి గైడు తెరిస్తే దోషం ఎక్కడిదో తెలిసింది. అటువంటి జవాబుకు సున్నా వేయలేం, పూర్తి మార్కులు వేయడానికీ చేయి రాదు. వాటి మధ్య ఒక్క పిల్ల, హామిద్‌కు బొమ్మ కావాలనిపించింది కానీ దాదీ వేళ్లు గుర్తొచ్చాయి అని వచ్చీరాని హిందీలో, లింగదోషాలతో రాసింది. ఆ జవాబు దగ్గర నా ఎర్ర సిరా పెన్ను కాసేపు ఆగింది.

కాబట్టి కొనవచ్చా అని అడిగితే, వ్యాకరణం కోసం, మాటల పట్టికల కోసం కొనవచ్చు. హిందీ అక్షరాలే తడబడే పిల్లలు గట్టెక్కడానికి ఆ పట్టికలు చాలు. కథల సారాంశాలనూ పాత్రల స్వభావాల జవాబులనూ మాత్రం పాఠ్యపుస్తకం రెండుసార్లు చదివిన తరువాతే చూడాలి, చూసినా పెన్సిలు చేతిలో పెట్టుకొని చూడాలి. నా తరగతిలో ఇప్పుడు అదే చేయిస్తున్నాను. గైడులోని ఒక్కో విశేషణం పక్కన అది కథలో ఏ వాక్యంలో కనిపించిందో పిల్లలు రాయాలి, వాక్యం దొరకకపోతే విశేషణం కొట్టేయాలి. మొదటి వారం ఆరింటిలో నాలుగు కొట్టేశారు.

మూడు రూపాయల తప్పు, బొమ్మల తప్పు, చిమ్టా బొమ్మ, ముగింపు కత్తిరింపు నాలుగూ వివరంగా రాసి, మూలవాక్యాలు జత చేసి, గైడు చివరి పుటలో ఉన్న చిరునామాకు ఉత్తరం పంపాను. జవాబు రాలేదు. ఈ ఏడు జూన్‌లో మళ్లీ కోఠి వెళ్లినప్పుడు కొత్త ముద్రణ కనిపిస్తే దుకాణంలోనే నిలబడి ఆ పుట తిప్పాను. మూడు రూపాయలు మూడు పైసలయ్యాయి. చిమ్టా బొమ్మ పాతదే. హామిద్‌కు ఇంకా బొమ్మలంటే ఇష్టం లేదు. గైడు వెల 260 అయింది.